అఫ్ఘాన్ మహిళలు: దేశం వదిలారు, పాట వదల్లేదు

2024 ఆగస్టు 21న కాబూల్‌లోని తాలిబాన్ ప్రభుత్వం ఒక చట్టాన్ని ప్రకటించింది. మంచిని ఆదేశించడం, చెడును నివారించడం, అంటే ‘అమ్ర్ బిల్ మారూఫ్’ కోసమే ఈ చట్టమని చెప్పింది. మొత్తం 35 సెక్షన్లు. 13వ సెక్షన్ ఆడవాళ్ల గురించి. స్త్రీ గొంతు కూడా ‘అవ్రా’నే, అంటే పరాయివాళ్లకు వినపడకుండా దాచాల్సిందే అని అందులో ఉంది. నలుగురిలో పాట పాడకూడదు, పైకి చదవకూడదు. ఇక 17వ సెక్షన్ ప్రాణమున్న వాటి బొమ్మలు ప్రచురించడాన్నే నిషేధించింది.

జవాబు రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. అఫ్ఘాన్ మహిళలు ఫోన్ ముందు నిలబడి పాటలు పాడారు, ఆ వీడియోలు సోషల్ మీడియాలో పెట్టారు. బయటి దేశాల్లో ఉన్నవాళ్లు ముఖం చూపించి పాడారు. దేశం లోపల ఉన్నవాళ్లలో చాలామంది ముఖం కప్పుకుని పాడారు.

ఇది చూసినప్పుడు ఎవరికైనా ఒక సందేహం వస్తుంది. బడి లేదు, ఉద్యోగం లేదు, ఒంటరిగా ప్రయాణం చేసే వీలు లేదు. ఇలాంటప్పుడు పాట పాడితే, బొమ్మ వేస్తే, సినిమా తీస్తే హక్కులు వస్తాయా? సూటిగా చెప్పాలంటే, రావు. కానీ హక్కులు అడగాలంటే ముందు మూడు కావాలి. జరుగుతున్న దానికి సాక్ష్యం ఉండాలి. మాయమవుతున్న దాని జ్ఞాపకం ఉండాలి. మనిషికి పేరు, గొంతు ఉండాలి. ప్రవాసంలో ఉన్న అఫ్ఘాన్ మహిళా కళాకారులు చేస్తున్న పని ఈ మూడింటినీ కాపాడటమే.

2021తో మొదలైన కథ కాదు

2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ చేతిలోకి వెళ్లింది. ఆ తర్వాత వేలాది మంది దేశం విడిచారు. అందుకే ఈ కథంతా ఆ రోజే మొదలైందని చాలామంది అనుకుంటారు. నిజానికి దీని వేళ్లు ఇంకా లోతుగా ఉన్నాయి.

మీనా కేశ్వర్ కమాల్ 1977లో కాబూల్‌లో ‘రావా’ అనే మహిళా సంస్థను స్థాపించారు. 1981లో ‘పయామె జన్’ (స్త్రీ సందేశం) అనే పత్రిక మొదలుపెట్టారు. ఆమె కవిత్వం కూడా రాసేవారు. సోవియట్ సైన్యాన్నీ, ఛాందస గ్రూపులనూ రెండింటినీ విమర్శించారు. పాకిస్తాన్‌కు వెళ్లి శరణార్థి మహిళల కోసం పని చేస్తుండగా 1987 ఫిబ్రవరి 4న క్వెట్టాలో ఆమెను చంపేశారు. అప్పటికి ఆమె వయసు 30.

తాలిబాన్ మొదటిసారి పాలించిన 1996-2001 కాలంలో హెరాత్ నగరంలో ‘గోల్డెన్ నీడిల్’ అనే కుట్టు బడి నడిచేది. ఆడపిల్లలు సంచిలో బట్టలు, దారం, సూదులు పెట్టుకుని వెళ్లేవారు. అడుగున పుస్తకాలు ఉండేవి. లోపల కుట్టు పని కాదు, సాహిత్యం పాఠాలు జరిగేవి. హెరాత్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒకరు వాళ్లకు పాఠం చెప్పేవారు. ఆ బడిలో చదువుకున్న నాదియా అంజుమన్ తర్వాత మంచి షాయరాగా పేరు తెచ్చుకున్నారు. తాలిబాన్ పోయాక, 2005లో, సొంత ఇంట్లోనే భర్త కొట్టిన తర్వాత ఆమె చనిపోయారు. అంటే అఫ్ఘాన్ మహిళల పోరాటం ఒక్క ప్రభుత్వంతోనే కాదు, ఇంట్లోనూ వీధిలోనూ ఉన్న ఆచారంతో కూడా. ఈ సంగతి గుర్తుంటేనే ఇప్పటి కళాకారుల పని సరిగ్గా అర్థమవుతుంది.

వీధిలో ఎనిమిది నిమిషాలు

2015 ఫిబ్రవరిలో కుబ్రా ఖాదెమీ అనే యువ కళాకారిణి కాబూల్ వీధిలోకి నడిచి వచ్చారు. బట్టల మీద ఇనుప కవచం వేసుకున్నారు. స్త్రీ శరీరం ఆకారంలో కమ్మరితో చేయించిన కవచం అది. రద్దీలో మగాళ్లు చేతులు వేయడం చిన్నప్పటి నుంచీ అనుభవించిన ఆమె, లోదుస్తులు ఇనుముతో చేసినవై ఉంటే బాగుండేదని అప్పట్లో అనుకునేవారట. ఆ ఆలోచనే ఈ ప్రదర్శనకు మూలం.

ఆమె నడిచింది ఎనిమిది నిమిషాలే. జనం గుమిగూడారు, తిట్టారు, రాళ్లు వేశారు. తర్వాత చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఆమె ఇల్లు వదిలి దాక్కుని, చివరికి ఫ్రాన్స్ చేరుకున్నారు. అప్పటికి కాబూల్‌లో తాలిబాన్ ప్రభుత్వం లేదు. విదేశీ సైన్యాలు ఉన్నాయి, పార్లమెంటు ఉంది, మహిళా ఎంపీలు ఉన్నారు. అయినా ఎనిమిది నిమిషాల నడక ఆమెను దేశం దాటించింది.

సరిగ్గా మరుసటి నెల, మార్చి 19న, అదే కాబూల్‌లో ఫర్ఖుందా అనే 27 ఏళ్ల అమ్మాయిని ఖురాన్ కాల్చిందన్న అబద్ధపు ఆరోపణతో గుంపు కొట్టి చంపింది. ఆ అమ్మాయి జనాజాను ఆడవాళ్లే భుజాల మీద మోశారు. కుబ్రా కవచం ఏం చెప్పదలిచిందో వివరించడానికి ఇంక వేరే వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది.

గోడ దొరకకపోతే ఫోటో

షంసియా హసానీ పేరు చాలామంది వినే ఉంటారు. నోరు లేని, కళ్లు మూసుకున్న అమ్మాయి బొమ్మ ఆమె గుర్తు. ఆ అమ్మాయి చేతిలో తరచూ ఏదో ఒక సంగీత వాయిద్యం ఉంటుంది. నోరు లేని మనిషికి ఆ వాయిద్యమే గొంతు.

షంసియా 1988లో టెహ్రాన్‌లో అఫ్ఘాన్ తల్లిదండ్రులకు పుట్టారు. తర్వాత కాబూల్ వచ్చి ఫైన్ ఆర్ట్స్ చదివి, కాబూల్ యూనివర్సిటీలోనే అధ్యాపకురాలయ్యారు. 2010లో ఒక వర్క్‌షాప్‌లో గ్రాఫిటీ, అంటే స్ప్రే రంగులతో గోడ మీద బొమ్మ వేయడం నేర్చుకున్నారు. కానీ కాబూల్‌లో ఒక ఆడమనిషి వీధిలో నిలబడి బొమ్మ వేయడం మామూలు విషయం కాదు. వేధింపులు, బాంబుల భయం. అందుకే కొద్ది నిమిషాల్లో ముగించి వెళ్లిపోవాల్సి వచ్చేది, కొన్నిసార్లు బొమ్మ సగంలోనే ఆగేది.

దానికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టారు. కాబూల్ వీధుల, కట్టడాల ఫోటోలు తీసుకుని, ఇంట్లో కూర్చుని ఆ ఫోటోల మీదే డిజిటల్‌గా బొమ్మ వేసేవారు. ఈ వరుసకు ‘డ్రీమింగ్ గ్రాఫిటీ’ అని పేరు పెట్టారు. ఆ రోజుల్లో ఇది గత్యంతరం లేక చేసిన పని. 2021 తర్వాత అదే దారి అయింది. ఇప్పుడు ఆమె అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్నారు. కాబూల్ గోడ ఆమెకు దూరమైంది, కానీ బొమ్మ ఫోన్ ద్వారా కాబూల్‌లోని అమ్మాయికి చేరుతోంది. గోడ మీద బొమ్మకు సున్నం కొట్టొచ్చు. 2021 తర్వాత కాబూల్‌లో చాలా బొమ్మలకు నిజంగానే సున్నం కొట్టారు. లక్షల ఫోన్లలో ఉన్న బొమ్మకు కొట్టలేరు.

నాన్, కార్, ఆజాదీ

తాలిబాన్ వచ్చాక కాబూల్ వీధుల్లో మహిళలు ఇచ్చిన నినాదం ‘నాన్, కార్, ఆజాదీ’. దరీ భాషలో మాట. ఉర్దూ తెలిసినవాళ్లకు అనువాదం అవసరం లేదు. నాన్ అంటే రొట్టె, కార్ అంటే పని, ఆజాదీ అంటే స్వేచ్ఛ.

ఆ ఊరేగింపుల మీద బాష్పవాయువు ప్రయోగించారు, కొందరిని జైల్లో పెట్టారు. విలేకరులకు అక్కడ నిలబడే వీలు లేదు. అందుకే ఆ మహిళలే ఫోన్లతో తీసుకున్నారు. దర్శకురాలు సహ్రా మానీ ఆ ఫుటేజీని సేకరించి ‘బ్రెడ్ అండ్ రోజెస్’ అనే డాక్యుమెంటరీ చేశారు. అది 2023లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ప్రదర్శితమైంది, 2024 నవంబర్‌లో ఆపిల్ టీవీ ప్లస్‌లో వచ్చింది. హాలీవుడ్ నటి జెన్నిఫర్ లారెన్స్ నిర్మాతల్లో ఒకరు. మలాలా యూసఫ్‌జాయ్ కూడా ఇందులో భాగమయ్యారు.

ఇందులో పని ఎలా పంచుకున్నారో గమనించాలి. చిత్రీకరణ లోపల జరిగింది, కూర్పు బయట జరిగింది. లోపల ఉన్నవాళ్ల దగ్గర దృశ్యం ఉంది, చూపించే వేదిక లేదు. బయట ఉన్నవాళ్లకు వేదిక ఉంది, దృశ్యం లేదు. ప్రవాసంలోని కళ నిజంగా పనికొచ్చేది ఈ రెండూ కలిసినప్పుడే.

మరో దర్శకురాలు సహ్రా కరీమీది ఇంకో దారి. 2019లో ఆమె ప్రభుత్వ సినిమా సంస్థ ‘అఫ్ఘాన్ ఫిల్మ్’కు అధిపతి అయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ ఆమె. అదే ఏడాది కాబూల్‌లోని ముగ్గురు గర్భిణుల కథతో తీసిన ఆమె సినిమా ‘హవా, మరియం, ఆయెషా’ వెనిస్ ఉత్సవంలో ప్రదర్శించారు. కాబూల్ పడిపోవడానికి రెండు రోజుల ముందు ఆమె ప్రపంచ సినీరంగానికి బహిరంగ లేఖ రాశారు. మమ్మల్ని ఒంటరిగా వదిలేయకండి అన్నది దాని సారాంశం. ఆ తర్వాత ఆమె కూడా ఉక్రెయిన్ మీదుగా యూరప్ చేరాల్సి వచ్చింది.

బడినే ఎత్తుకెళ్లారు

సంగీతం విషయంలో ఒక్కరు కాదు, బడికి బడే వలస వెళ్లింది. డాక్టర్ అహ్మద్ సర్మస్త్ 2010లో కాబూల్‌లో అఫ్ఘానిస్తాన్ జాతీయ సంగీత సంస్థను ప్రారంభించారు. అనాథలు, వీధుల్లో పని చేసే పిల్లలు, ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి చదివేవారు. అక్కడి నుంచి పుట్టిందే ‘జోహ్రా’ ఆర్కెస్ట్రా. అందరూ అమ్మాయిలే. 2017 జనవరిలో దావోస్‌లో ప్రపంచ ఆర్థిక వేదిక దగ్గర కచేరీ ఇచ్చారు.

ఆ బడి మీద కక్ష ముందే ఉంది. 2014 డిసెంబర్‌లో విద్యార్థుల ప్రదర్శన జరుగుతుండగా ఆత్మాహుతి దాడి జరిగింది, సర్మస్త్ తీవ్రంగా గాయపడ్డారు. తాలిబాన్ తిరిగి వచ్చాక ఆలోచించుకునే వ్యవధి కూడా లేదు. విద్యార్థులు, అధ్యాపకులు, కొందరి కుటుంబ సభ్యులు కలిపి 273 మంది దోహా మీదుగా 2021 డిసెంబర్ నాటికి పోర్చుగల్ చేరుకున్నారు. 2024 ఆగస్టులో అఫ్ఘాన్ యూత్ ఆర్కెస్ట్రా న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో కచేరీ చేసింది. అదే నెలలో కాబూల్‌లో గొంతు మీద చట్టం వచ్చింది.

2023 జూలైలో హెరాత్‌లో తబలాలు, గిటార్లు, హార్మోనియంలు కుప్పపోసి కాల్చారు. వాయిద్యం మళ్లీ కొనుక్కోవచ్చు. కానీ రబాబ్ ఎలా పట్టుకోవాలో, రాగం ఎలా ఎత్తుకోవాలో తెలిసిన గురువు, శిష్యురాలు విడిపోతే ఒక తరంలోనే ఆ విద్య పోతుంది. పోర్చుగల్‌లో సాగుతున్న ఆ క్లాసులు ఆపుతున్నది ఈ నష్టాన్నే.

పేరు కూడా హక్కే

అఫ్ఘానిస్తాన్‌లో చాలాచోట్ల ఆడవాళ్ల పేరు నలుగురిలో పలకరు. ఫలానా వాళ్ల అమ్మ, ఫలానా వాళ్ల భార్య అంటారు. పెళ్లి కార్డు మీద పెళ్లికూతురి పేరు ఉండదు, సమాధి రాయి మీద కూడా ఉండకపోవచ్చు. ‘నా పేరు ఎక్కడ?’ అని అమ్మాయిలు ఉద్యమం నడిపితే, 2020లో పిల్లల గుర్తింపు కార్డు మీద తల్లి పేరు చేర్చడానికి అప్పటి ప్రభుత్వం ఒప్పుకుంది. ఏడాది తిరక్కుండానే ఆ ప్రభుత్వమే లేకుండా పోయింది.

ఈ నేపథ్యం తెలిస్తే రాదా అక్బర్ చేసిన పని విలువ తెలుస్తుంది. 2019 నుంచి ప్రతి ఏటా మార్చి 8న కాబూల్‌లో ‘అబర్‌జనాన్’ (మహా స్త్రీలు) పేరుతో ఆమె ప్రదర్శన పెట్టేవారు. చరిత్రలోని, ఇప్పటి కాలంలోని అఫ్ఘాన్ మహిళలకు పేరుపేరునా గౌరవం అన్నమాట. ఇప్పుడు ఆమె పారిస్‌లో ఉంటున్నారు.

హంగామా అమీరీ కథ వేరు. ఆమె కుటుంబం 1996లోనే కాబూల్ వదిలింది, అప్పుడు ఆమె చిన్నపిల్ల. పాకిస్తాన్, తజికిస్తాన్, కెనడా దాటి ఇప్పుడు అమెరికాలో స్థిరపడ్డారు. బట్ట ముక్కలు కత్తిరించి, కుట్టి, పెద్ద పెద్ద చిత్రాలు చేస్తారు. కాబూల్ బజారులోని దుకాణాలు, దర్జీలు, ఆడవాళ్ల బ్యూటీ పార్లర్లు అందులో కనిపిస్తాయి. 2020లో చూసినవాళ్లకు అవి జ్ఞాపకాలు మాత్రమే. 2023 జూలైలో తాలిబాన్ పార్లర్లన్నీ మూయించాక అవి రికార్డు అయ్యాయి.

రచయిత్రులదీ ఇదే దారి. దరీ, పష్తో భాషల్లో రాసిన 18 మంది అఫ్ఘాన్ మహిళల కథలు 2022లో ‘మై పెన్ ఈజ్ ద వింగ్ ఆఫ్ ఎ బర్డ్’ పేరుతో ఇంగ్లీషులో వచ్చాయి. 2024లో వచ్చిన ‘మై డియర్ కాబూల్’ ఇంకో రకం పుస్తకం. 21 మంది రచయిత్రులు వాట్సాప్ గ్రూపులో రాసుకున్న డైరీ అది. కొందరు లోపల ఉండి రాశారు, కొందరు దేశం దాటుతూ రాశారు.

మతం మాటేమిటి?

తాలిబాన్ ప్రతి ఆంక్షకూ షరీఅత్‌నే కారణంగా చూపిస్తుంది. ముస్లిం ప్రపంచం మొత్తం దీన్ని ఒప్పుకుంటోందా? లేదు. 2022 డిసెంబర్‌లో అమ్మాయిలను యూనివర్సిటీలకు రానివ్వకూడదని తాలిబాన్ ప్రకటించినప్పుడు, కైరోలోని అల్ అజ్‌హర్ గ్రాండ్ ఇమాం అహ్మద్ అల్ తయ్యిబ్ అది షరీఅత్‌కు విరుద్ధమని బహిరంగంగా చెప్పారు. 2025 జనవరిలో ముస్లిం వరల్డ్ లీగ్ ఇస్లామాబాద్‌లో ఆడపిల్లల చదువు మీద సదస్సు పెట్టింది. తాలిబాన్‌ను పిలిచారు, వాళ్లు రాలేదు.

గొంతు సంగతికి వస్తే, హజ్రత్ ఆయెషా (రజి) నుంచి రెండు వేలకు పైగా హదీసులు మనకు చేరాయి. సహాబాలు ఆమెను అడిగి తెలుసుకునేవారు. సంగీతం మీద ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, అది నిజం. కానీ స్త్రీ మాట్లాడటమే దాచాల్సిన విషయం అనేది ఎక్కువ మంది ఉలమాల మాట కాదు. చాలామంది అఫ్ఘాన్ కళాకారిణులు అడిగేది కూడా ఇదే: మా దీన్ పేరు చెప్పి మా నోరు ఎందుకు నొక్కుతున్నారు అని.

మరి దీనివల్ల మారింది ఏమిటి?

2025 జూలై 8న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు తాలిబాన్ అధినేత హిబతుల్లా అఖుంద్‌జాదా, ప్రధాన న్యాయమూర్తి అబ్దుల్ హకీం హఖ్ఖానీ మీద అరెస్టు వారెంట్లు జారీ చేసింది. ఆడవాళ్లు కావడం వల్లే వాళ్లను హింసిస్తున్నారన్నది అభియోగం. మహిళల మీద ఈ వివక్షను దక్షిణాఫ్రికా అపార్థీడ్ లాంటి నేరంగా అంతర్జాతీయ చట్టంలో చేర్చాలని అఫ్ఘాన్ మహిళలు కోరుతున్నారు.

ఒక సినిమా వల్లో ఒక పాట వల్లో ఇవి జరిగాయని చెప్పలేం. లాయర్లు, హక్కుల కార్యకర్తలు, బాధితుల వాంగ్మూలాలు దీని వెనక ఉన్నాయి. కానీ ప్రపంచం చూపు గాజా, ఉక్రెయిన్ అంటూ మారిపోతున్నప్పుడు అఫ్ఘాన్ అమ్మాయి మాట పూర్తిగా మరుగున పడకుండా చూస్తున్నది ఇలాంటి పనే.

కనపడని కష్టాలు

దీనికి మరో పక్క కూడా ఉంది. మొదటిది, డబ్బు. విదేశాల్లో కళాకారులకు ఆశ్రయం ఇచ్చే పథకాలు ఎక్కువగా కొన్ని నెలలో, ఒకటి రెండేళ్లో ఉంటాయి. ఆ తర్వాత భాష రాని దేశంలో ఏదో ఒక పని వెతుక్కోవాలి. గ్యాలరీ, ఫిల్మ్ ఫెస్టివల్ దాకా వెళ్లేది కొద్దిమందే. మన ఢిల్లీలోనే అఫ్ఘాన్ శరణార్థి మహిళలు మిగిలిపోయిన బట్ట ముక్కలతో బొమ్మలు కుట్టి ఇల్లు నడుపుకుంటున్నారు. భారత్‌లో శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం లేదు కాబట్టి వాళ్లకు పర్మినెంట్ ఉద్యోగం దొరకడం కష్టం.

రెండోది, ఆశ్రయం కూడా గ్యారంటీ కాదు. కాగితాలు లేని విదేశీయులను పంపేస్తామని పాకిస్తాన్ 2023 అక్టోబర్‌లో ప్రకటించింది. 2025లో ఇరాన్ కూడా లక్షల మందిని వెనక్కి పంపింది. అదే ఏడాది జనవరిలో అమెరికా శరణార్థుల రాకను ఆపేసింది. వెనక్కి వెళ్లాల్సి వచ్చిన వాళ్లలో పాటలు పాడినవాళ్లు, కవిత్వం రాసినవాళ్లు ఉంటే వాళ్ల గతి ఏమిటి?

మూడోది, ఎవరి కోసం ఈ కళ అన్న ప్రశ్న. పాశ్చాత్య ప్రేక్షకులకు నచ్చే ఏడుపు బొమ్మ, బురఖా బొమ్మ మాత్రమే అమ్ముడుపోతుందని అఫ్ఘాన్ కళాకారుల్లోనే విమర్శ ఉంది. ఇరవై ఏళ్లు యుద్ధం చేసి వెళ్లిపోయిన దేశాలే ఇప్పుడు చప్పట్లు కొడుతున్నాయని అనేవాళ్లూ ఉన్నారు. ఈ మాటలో న్యాయం ఉంది. కానీ దానికి కళాకారిణి నోరు మూసుకోవడం పరిష్కారం కాదు.

చూసేవాళ్లు ఏం చేయాలి?

అఫ్ఘాన్ అమ్మాయి పాడుతున్న వీడియో వాట్సాప్‌లో వస్తే ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగాలి. అది దేశం బయటి నుంచి వచ్చిందా, లోపల తీసిందా చూడాలి. లోపలిదైతే, ముఖం గానీ వీధి గానీ ఇల్లు గానీ గుర్తుపట్టేలా ఉంటే పంపకపోవడమే మేలు. మన లైక్ ఆ అమ్మాయి అన్నను జైలుకు పంపొచ్చు. బయటి కళాకారిణి పని అయితే ఆమె పేరుతో సహా పంచుకోవాలి. పేరు లేకుండా ‘ఒక అఫ్ఘాన్ మహిళ’ అని రాయడం మానాలి. వాళ్లు అడుగుతున్న హక్కుల్లో మొదటిది తమ పేరు తమకు ఉండటమే.